నెట్, కరెంటు నమ్మకం లేని చోట తనంతట తాను సర్దుకునే సాఫ్ట్‌వేర్: ముందు ఏది మారొద్దో రాసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాగర్‌కర్నూల్ వైపు ఊర్లలో పాల సెంటర్లకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నరు. ఒక్కో సెంటర్‌లో ఒక్కో కంపెనీ పాల పరీక్ష మిషన్, ఒక్కో రకం కాంటా. ఒక ఊర్లో నెట్ ఉంటది, పక్క ఊర్లో ఉండదు. రేపు ఇంకా కొత్త సెంటర్లు, బయటి వాళ్ళ మిషన్లు, డబ్బులు వేసే బ్యాంకు సర్వర్ కూడా వచ్చి కలుస్తయి. ఇట్ల ఎవరైనా వచ్చి కలిసే 'ఓపెన్' వ్యవస్థలో ఇన్ని మారుతుంటే సందర్భం చూసుకొని తనే మారే సాఫ్ట్‌వేర్ ఎట్ల డిజైన్ చేయాలె, దానికి మెషిన్ లెర్నింగ్ (పాత డేటా నుంచి కంప్యూటర్ తనే నేర్చుకునే పద్ధతి) తప్పదా అని అడిగిన్రు.

మెషిన్ లెర్నింగ్ అక్కర్లేదు. ఇప్పుడైతే అస్సలు వద్దు. మొదటి పని, మీ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నటికీ మారకూడనివి ఏవో ఒక కాగితం మీద రాయడం. రెండో పని, మారే తెలివిని పాల లెక్క రాసే కోడ్‌లో కలపకుండా దాని పక్కన వేరే చిన్న భాగంగా పెట్టడం. ఎప్పుడు పంపాలె, ఏ దారిలో పంపాలె, ఎంతసేపు ఆగాలె అన్నవి సందర్భాన్ని బట్టి మారొచ్చు. ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎన్ని రూపాయలు అన్నవాటిని సందర్భం ముట్టుకోవద్దు. మిగతాదంతా ఈ గీత ఎట్ల కాపాడుకోవాలె అన్నదాని గురించే.

నేను నల్గొండలో ఉంటూ బోరు మోటార్ల కంట్రోలర్లకు, పాల సెంటర్లకు, అప్పుడప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్త. దేవరకొండ, చందంపేట నుంచి అచ్చంపేట, అమ్రాబాద్ దాకా ఇదే పని. కాబట్టి పుస్తకంలో ఉండే వరుసలో కాకుండా, ఈ ఊర్లలో ఏది ముందు తెగుతదో ఆ వరుసలో చెప్త.

మారకూడనివి. పాల సెంటర్‌కు నా జాబితా ఇట్ల ఉంటది. రైతు చేతికి చీటీ పోయినంక దాని మీదున్న లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థం), రేటు ఏ కారణంతోనూ మారొద్దు. తప్పు పడితే దిద్దుబాటు చీటీ వేరేగా పుట్టాలె, పాతది అట్లనే ఉండాలె. ఒక రైతు ఒక్కసారి పోసిన పాలు బిల్లులోకి రెండుసార్లు రావద్దు. మిషన్ నుంచి నేరుగా వచ్చిన రీడింగ్ ఏదో, మిషన్ పాడైనప్పుడు చేత్తో కొట్టింది ఏదో ఎప్పటికీ వేరుగా కనపడాలె. చీటీ ప్రింటర్‌లోంచి బయటికొచ్చే లోపే ఆ లెక్క డిస్క్ మీద పడి ఉండాలె.

ఈ చివరిది చిన్నగా కనపడతది కానీ కరెంటు పోయే చోట దీంట్లోనే చాలామంది దెబ్బ తింటరు. ఎస్‌క్యూలైట్ అన్న చిన్న డేటాబేస్ వాడుతుంటే, వాల్ మోడ్‌లో (మార్పులను ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) సింక్రనస్ సెట్టింగ్ (డిస్క్ మీద గట్టిగా రాసేదాకా ఆగాలా అన్నది) 'నార్మల్' మీద ఉంటే కరెంటు పోయినప్పుడు డేటాబేస్ పాడు కాదు, నిజమే. కానీ ఆఖరి నాలుగైదు ఎంట్రీలు మాయం కావొచ్చు. రైతు చేతిలో చీటీ ఉంటది, మీ దగ్గర లెక్క ఉండదు. దాన్ని 'ఫుల్' మీద పెట్టండి. కొంచెం నెమ్మదిస్తది. పాలు పోసే వరుసలో ఆ తేడా ఎవరికీ కనపడదు.

ఈ జాబితా ముందు ఎందుకంటే, తర్వాత రాసే ప్రతి తెలివైన నియమం దీన్ని దాటాలని చూస్తది. ఒక సంస్థకు వేరే టీమ్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో నేను చూసిన సంగతి చెప్త. నెట్ లేనప్పుడు ఫోన్‌లో ఉన్న పాత రేటు చార్టుతో చీటీ ఇస్తది. నెట్ రాగానే కొత్త చార్టు దిగుతది, మధ్యలో పోసిన పాలన్నిటికీ కొత్త రేటు వేసి లెక్క సరిచేస్తది. సర్దుకునే సాఫ్ట్‌వేర్ అంటే ఇదే కదా అని వాళ్ళ ఉద్దేశం. పదిహేను రోజుల బిల్లు రోజున చీటీల మొత్తం ఒకటి, బిల్లు మొత్తం ఇంకొకటి. రేటు పెరిగిన రైతు మాట్లాడడు, తగ్గినాయన సెంటర్ ముందు కూర్చుంటడు. సెంటర్ నడిపే ఆయన ఏం చెప్తడు, ఆయనకూ తెలియదు కదా. దీనికి సరైన డిజైన్ చాలా సాదాది. ప్రతి చార్టుకు ఒక నంబరు, 'ఏ తేదీ, ఏ పూట నుంచి' అన్న ముద్ర ఉండాలె. ముందుగానే దిగి ఉండాలె. చీటీ మీద చార్టు నంబరు పడాలె. కొత్త చార్టు అందక పాత రేటు పడితే, ఆ తేడా బిల్లులో వేరే వరుసగా రావాలె, చీటీ మాత్రం కదలొద్దు.

ఇక మారే భాగం. ఐబీఎం వాళ్ళు 2001లో, కంప్యూటర్ వ్యవస్థలు తమను తామే చూసుకోవాలన్న ఆలోచన ముందు పెట్టిన్రు. దాని నుంచి వచ్చిన నమూనానే ఇప్పటికీ అందరూ వాడేది: గమనించు, విశ్లేషించు, ప్లాన్ వేయి, అమలు చేయి, ఈ నాలుగింటికీ నడుమ ఉమ్మడిగా ఒక జ్ఞానభాండాగారం. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి మేప్-కె అంటరు. పేరు పెద్దది గానీ మీకు కావాల్సింది నాలుగు చిన్న ఫైళ్ళు, ఒక టేబుల్. గమనించే కోడ్ దేన్నీ మార్చదు. మార్చే కోడ్ సెన్సర్‌ను నేరుగా చదవదు. ఇంతే నియమం. కోడ్ నిండా 'నెట్ ఉంటే ఇది, లేకుంటే అది' అన్న షరతులు చల్లితే, ఆరు నెలలకు ఏ షరతు దేనికి అడ్డం పడుతుందో రాసినవాళ్ళకే తెలియదు.

ఆ టేబుల్‌లో ఉండే ప్రతి సందర్భానికి (నెట్, బ్యాటరీ, టెంపరేచర్ లాంటివి) విలువ ఒక్కటే సరిపోదు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎంతసేపటి దాకా నమ్మొచ్చు అన్నవి కూడా పక్కన ఉండాలె. బ్యాటరీ శాతం ఐదు నిమిషాల కిందిదైనా పనికొస్తది. 'సర్వర్ అందుతుంది' అన్న సమాచారం ఐదు నిమిషాల కిందిదైతే ఈ ఊర్లలో దానికి విలువ లేదు. గడువు దాటిన విలువను 'లేదు' అని కాదు, 'తెలియదు' అని చదవాలె. తెలియనప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఉండాలె. నేనైతే ఎప్పుడూ ఒకటే రాస్త: తెలియకుంటే నెట్ లేనట్టే నడువు. నెట్ లేనిదే మామూలు రోజు, నెట్ వస్తే అది అదనం అనుకొని డిజైన్ చేస్తే సగం కోడ్ రాయాల్సిన పనే ఉండదు.

సెన్సర్లు అబద్ధం చెప్పే తీరు ఒకటి తెలుసుకోండి. చల్లబరిచే ట్యాంకుకు చాలామంది డీఎస్18బీ20 అన్న చవక టెంపరేచర్ సెన్సర్ పెడతరు. పాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలె. ఒక రోజు ఉన్నట్టుండి 85 డిగ్రీలు అంటది. పాలు కాగలేదు. కరెంటు వచ్చిన వెంటనే, ఇంకా కొలవకముందు ఆ చిప్‌లో ఉండే విలువే 85. వైరు ఊడితే, మామూలుగా వాడే లైబ్రరీ మైనస్ 127 చూపిస్తది. ఇంకో రకం ఇంకా మోసం: రెండు గంటలుగా అదే 4.1, పాయింట్ కూడా కదలదు. నిజం ట్యాంకులో టెంపరేచర్ కొంచెమన్నా ఊగుతది, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటది కాబట్టి. కదలని విలువ చదివే కోడ్ ఎక్కడో ఆగిపోయిందని అర్థం. గమనించే భాగంలో ఈ మూడు తనిఖీలు లేకుంటే, పై భాగాలు ఎంత తెలివిగా ఉన్నా చెత్త మీదనే నిర్ణయం తీసుకుంటయి.

నెట్‌వర్క్ సంగతి ఇంకా చిక్కు. సిగ్నల్ గీతలు చూసి నిర్ణయం తీసుకోకండి. ఫోన్‌కు టవర్ బాగా కనపడుతుందని మాత్రమే ఆ గీతలు చెప్తయి. ఆండ్రాయిడ్‌లో 'ఇంటర్నెట్ ఉంది' అన్న గుర్తు వేరు, 'ఇంటర్నెట్ పని చేస్తుందని సరిచూసినం' అన్న వాలిడేటెడ్ గుర్తు వేరు. రెండోదే చూడాలె. అదీ ఫోన్ తన పరీక్ష సర్వర్‌కు అందిందన్న మాటే తప్ప మీ సర్వర్‌కు అందిందని కాదు. అన్నిటికంటే నమ్మకమైన కొలత మీ సొంత పనే: చివరిసారి పంపిన చీటీకి రసీదు వచ్చిందా, ఎన్ని సెకన్లకు వచ్చింది. దాని కోసం వేరే పింగులు ('ఉన్నవా' అని అడిగే చిన్న సందేశాలు) పంపి డేటా ఖర్చు చేయొద్దు, మామూలు పని నుంచే కొలవండి.

ఆ కొలతను ఎట్ల వాడాలో, 1988లో అమెరికా పరిశోధకుడు వాన్ జాకబ్సన్ టీసీపీకి (ఇంటర్నెట్‌లో డేటా పోకుండా చేర్చే పద్ధతి) రాసిపెట్టిన లెక్కలోనే ఉంది. పాత సగటుకు ఎనిమిదిలో ఏడు వంతులు, కొత్త కొలతకు ఒక వంతు. ఎదురుచూసే గడువు సగటు ఒక్కటే కాదు, సగటుకు తోడు ఊగిసలాటకు నాలుగింతలు (మొదట రెండింతలు రాసి, తర్వాత నాలుగు చేసిండు). రెండు వరుసల కోడ్. నల్లమల అంచున మన్ననూర్ దగ్గర ఉన్న సెంటర్, నల్గొండ గడియారం చౌరస్తా పక్కనున్న సెంటర్ ఒకే కోడ్‌తో తమ తమ గడువు తామే తెలుసుకుంటయి. నన్నడిగితే సర్దుకునే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే టీసీపీ కంటే మంచి బడి లేదు. మీ ప్రతి ఫోన్‌లో అది నడుస్తూనే ఉంది.

గడియారం గురించి ఒక్క మాట. కరెంటు పోయి సెంటర్‌లోని చిన్న కంప్యూటర్ బోర్డు మళ్ళీ లేస్తే, లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ 1970 జనవరి 1కి పోతది. ఫోన్ అయితే ఎవరో చేత్తో తేదీ మారుస్తరు. చీటీల వరుసకు తేదీని నమ్మకుండా, ఆ పరికరంలో ఎప్పుడూ పెరిగే వరుస నంబరు పెట్టండి. పరికరం గుర్తు, వరుస నంబరు కలిపితే ఒక చీటీకి ప్రపంచంలో ఒక్కటే పేరు వస్తది. ఒకే చీటీ మూడుసార్లు సర్వర్‌కు చేరినా సర్వర్ ఒక్కదాన్నే ఉంచుకుంటది. పైన చెప్పిన 'రెండుసార్లు రావద్దు' అన్నది దీంతోనే తీరుతది.

సందర్భాలు తెలిసినంక నిర్ణయం. ఇక్కడ అందరూ చేసేది, పది సందర్భాలకు పది రకాల ప్రవర్తనలు రాయడం. వద్దు. మూడు మోడ్‌లు చాలు: నెట్ ఉన్న మోడ్ (ప్రతి చీటీ వెంటనే పోతది), పొదుపు మోడ్ (చీటీలు మూటగట్టి కొన్ని నిమిషాలకోసారి), ఒంటరి మోడ్ (అన్నీ ఇక్కడే, పంపే ప్రయత్నం అరుదుగా). కొత్తగా చేరిన సెంటర్ ఆయనకు ఫోన్‌లో చెప్పగలిగినన్ని మోడ్‌లే ఉండాలె. ఏ మోడ్‌లో ఉన్నా చీటీ ఇచ్చే పని మాత్రం ఒకేలా నడుస్తది, అది మోడ్ పరిధిలోకి రాదు.

మోడ్ మారే గీత ఒక్కటి పెడితే సాఫ్ట్‌వేర్ ఆ గీత మీద అటూ ఇటూ ఎగురుతది. బ్యాటరీ 30 శాతం కింద పొదుపు అంటే, 30 నుంచి 29కి, మళ్ళీ 30కి ఊగినప్పుడల్లా మోడ్ మారుతది. పోవడానికి ఒక గీత, రావడానికి ఇంకో గీత పెట్టండి: 30కి దిగితే పొదుపు, 45 దాటితేనే వాపసు. నెట్‌కు కూడా అంతే: వరుసగా మూడు విఫలమైతే ఒంటరి, రెండు నిమిషాలు నిలకడగా ఉంటేనే తిరిగి నెట్ మోడ్. ఈ అంకెలు నావి, మీ దగ్గర మారొచ్చు. రెండు గీతలు ఉండాలన్నది మాత్రం మారదు. ఇది ఎంత అవసరమో తెలిసే కేసు ఒకటి కృష్ణ, మక్తల్ ఊర్ల వైపు ఉంది. కర్ణాటక సరిహద్దు దగ్గర ఫోన్ ఒకసారి మన టవర్, ఒకసారి రాయచూర్ వైపు టవర్ పట్టుకుంటది. టవర్ మారినప్పుడల్లా కనెక్షన్ తెగుతది. సిమ్‌లో రోమింగ్ డేటా ఆపి ఉంటే గీతలు నిండుగా కనపడుతూనే నెట్ ఉండదు. రెండు గీతలు, నిలకడ సమయం లేకుంటే ఆ సెంటర్ రోజంతా మోడ్‌లు మార్చుకుంటూనే ఉంటది.

ఇంకో చిక్కు, రెండు నియమాలు ఒకే మీట మీద చేయి వేయడం. బ్యాటరీ చూసే నియమం 'తక్కువగా పంపు' అంటది. పెండింగ్ చీటీలు చూసే నియమం 'పేరుకుపోతున్నయి, ఎక్కువగా పంపు' అంటది. ఇద్దరూ ఒకే సెట్టింగ్‌ను మార్చుకుంటూ పోతరు. ఒక్కో మీటకు ఒక్కడే యజమాని ఉండాలె. మిగతా నియమాలు ఆయనకు అర్జీ పెట్టుకోవాలె, ఎవరి అర్జీకి ముందు విలువో వరుస రాసి ఉండాలె. సర్వర్ వైపు నుంచి కూడా 'నెమ్మదించు' అన్న మాట వస్తది, దాన్నీ ఈ వరుసలోనే పెట్టండి. నా వరుసలో సర్వర్ చెప్పిన 'ఆగు' అన్నిటికంటే పైన ఉంటది.

ఎందుకు పైన అంటే, దీన్ని మన రైతుల ఆటో స్టార్టర్లతో చెప్తేనే తేలిగ్గా అర్థమైతది. కరెంటు విడతలుగా వచ్చే రోజుల్లో రాత్రి లేచి పోలేక ప్రతి బోరుకు ఆటో స్టార్టర్ పెట్టిన్రు. ఒక్కో మోటారు తనమట్టుకు తాను తెలివిగానే సర్దుకుంటుంది: కరెంటు వచ్చింది, నడువు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే సెకనులో లేస్తే ఆ పోటుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నప్పుడు, ఆటో స్టార్టర్లను తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. ఎప్పుడూ కరెంటు ఉంటే అవసరం లేకున్నా మోటారు నడుస్తనే ఉంటది, భూగర్భజలం అడుగంటుతది. సందర్భం మారింది, నియమం మారలేదు.

మీ సెంటర్లూ అంతే. ఒక సబ్‌స్టేషన్ కింద ఉన్న ఊర్లన్నిట్లో కరెంటు ఒకేసారి వస్తది, పరికరాలన్నీ ఒకేసారి లేచి సర్వర్ మీద పడతయి. సర్వర్ ఆలస్యమైతది, అందరూ మళ్ళీ ప్రయత్నిస్తరు, ఇంకా ఆలస్యమైతది. ఇంటర్నెట్ చిన్నగా ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది: 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, నాలుగు వందల గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకి మధ్య సెకనుకు 32 కిలోబిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. జాకబ్సన్ లెక్కలు పుట్టింది ఆ దెబ్బతోనే. మీరు చేయాల్సింది ఇంతే: విఫలమైనకొద్దీ ఎదురుచూపు రెట్టింపు చేయండి, పైన ఒక హద్దు పెట్టండి, ఆ సమయాన్ని ప్రతి పరికరంలో యాదృచ్ఛికంగా చెదరగొట్టండి. రెట్టింపు ఒక్కటే సరిపోదు. అందరూ ఒకేసారి లేస్తే అందరూ ఒకేసారి రెట్టింపు చేసుకొని మళ్ళీ ఒకేసారి వస్తరు. చెదరగొట్టడమే అసలు మందు.

బయటివాళ్ళు వచ్చి కలిసే విషయం. 'ఓపెన్' అన్న మాట మీ ప్రశ్నలో అసలు బరువైన భాగం, చాలామంది దాన్ని వదిలేసి నెట్ ఉందా లేదా దగ్గరే ఆగుతరు. మీ చేతిలో లేని మిషన్లు, మీరు రాయని సాఫ్ట్‌వేర్, చెప్పకుండా మారే సర్వర్లు వస్తయి. పాల పరీక్ష మిషన్లు ఎక్కువగా సీరియల్ పోర్ట్ (ఒక్కో అక్షరంగా డేటా పంపే పాత రకం వైరు) మీద ఒక వరుస అక్షరాలు పంపుతయి. ఒక కంపెనీ వెన్న ముందు, ఎస్‌ఎన్‌ఎఫ్ తర్వాత పంపుతది. ఇంకో కంపెనీ రెండింటి నడుమ నీళ్ళ శాతం పెడతది. అదే కంపెనీ కొత్త మోడల్‌లో పాయింట్ తీసేసి 'వెన్న 62' అని పంపొచ్చు, అంటే 6.2. ఇట్లాంటి చోట సాఫ్ట్‌వేర్‌కు 'ఫార్మాట్ ఊహించే' తెలివి ఇవ్వకండి. ఊహించడమంటే రైతు డబ్బుతో జూదం. ఒక్కో మోడల్‌కు ఒక్కో చిన్న అడాప్టర్ (ఆ మిషన్ వరుసను మన రూపంలోకి మార్చే కోడ్) రాయండి. అది తనకు తెలిసిన ఆకారం కాకుంటే 'నాకు అర్థం కాలేదు' అని ఆగాలె, ఆ రీడింగ్ చేత్తో కొట్టాల్సిందిగా మారాలె. ఎక్కువ వచ్చిన కొత్త వివరాలను మాత్రం పట్టించుకోకుండా పోనివ్వండి. కావాల్సినవి కచ్చితంగా చూడు, అక్కర్లేనివి వచ్చినా అలగకు.

కొత్త పరికరం చేరేటప్పుడు తనకు ఏమేమి వచ్చో తనే చెప్పుకునేటట్టు పెట్టండి: 'నేను వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ కొలుస్త, నీళ్ళ శాతం రాదు, ఈ వెర్షన్'. మిగతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరును చూసి కాదు, ఈ సామర్థ్యాల జాబితాను చూసి నడుచుకోవాలె. అప్పుడే కంపెనీ మారినా కోడ్ మారదు.

నమ్మకం వేరే సంగతి. బయటి నుంచి వచ్చే సందర్భం సలహాగా తీసుకోవాలె, ఆజ్ఞగా కాదు. ఎవరో 'నేను ఫలానా సెంటర్' అనగానే నమ్మొద్దు, ప్రతి పరికరానికి సొంత కీ (రహస్య సంకేతం) ఉండాలె, పంపిన ప్రతి మూట మీద ఆ కీతో సంతకం ఉండాలె. జీపీఎస్ స్థానం చూసి 'ఇది ఆ ఊరే' అనుకోవడం కూడా వద్దు, ఫోన్‌లో నకిలీ స్థానం పెట్టే యాప్‌లు ఊరికే దొరుకుతయి. స్థానం తేడా వస్తే జెండా ఎత్తండి, పాలు ఆపకండి. పాలు ఆగితే విరుగుతయి, జెండాను తర్వాత చూసుకోవచ్చు.

పంపడానికి ఎంక్యూటీటీ అన్న తేలికైన సందేశాల పద్ధతి వాడొచ్చు. ఎడారుల్లో చమురు పైపులను శాటిలైట్ మీదుగా గమనించడానికి 1999లో పుట్టింది కాబట్టి, సన్నని తెగిపోయే లైన్ అంటే దానికి భయం లేదు. రెండు విషయాలు చూసుకోండి. దాంట్లో సందేశం ఎంత గట్టిగా చేర్చాలో చెప్పే సెట్టింగ్ క్యూఓఎస్, క్యూఓఎస్ 1 అంటే 'కనీసం ఒక్కసారి' అని, కాబట్టి ఒకే చీటీ రెండుసార్లు రావడం తప్పు కాదు, సహజం. పై వరుస నంబరు అందుకే. కనెక్షన్ తెగితే సర్వర్ మీ తరఫున చెప్పే 'చివరి మాట' సదుపాయం ఉంది, దాంతో ఏ సెంటర్ పోయిందో తెలుస్తది. కానీ కీప్‌అలైవ్ ('ఇంకా ఉన్న' అని చెప్పే గడువు) 60 సెకన్లు పెడితే సర్వర్ 90 సెకన్ల దాకా ఆగుతది, అంటే అంతసేపూ పోయిన సెంటర్ ఉన్నట్టే కనపడతది. ఆ ఆలస్యాన్ని మీ డాష్‌బోర్డు ఒప్పుకోవాలె. ఇక ఫోన్ మీద నడిపేటట్టయితే, 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అన్న బ్యాటరీ పొదుపు పద్ధతి గుర్తుంచుకోండి. ఫోన్ కదలకుండా పడి ఉంటే వెనకాల నెట్ వాడనివ్వదు. వెనకాల పనులను వరుసగా నడిపే ఆండ్రాయిడ్ వర్క్‌మేనేజర్‌తో మళ్ళీ మళ్ళీ వచ్చే పనికి 15 నిమిషాల కంటే తక్కువ వ్యవధి దొరకదు. పాలు పోసే పూట నోటిఫికేషన్ కనపడే సర్వీస్‌గా నడపండి, పూట అయినంక వర్క్‌మేనేజర్‌కు వదిలేయండి.

సెంటర్‌లో కూర్చునే మనిషిని మర్చిపోవద్దు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మారితే, ఎందుకు మారిందో ఆయనకు తెలుగులో ఒక్క లైన్ కనపడాలె: 'నెట్ లేదు. 42 చీటీలు ఇక్కడే భద్రంగా ఉన్నయి. చివరిసారి పోయింది ఉదయం 7:10కి.' ఇది లేకుంటే ఆయన ఏం చేస్తడో నాకు తెలుసు, ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తడు, అదీ కాకుంటే యాప్ తీసేసి మళ్ళీ వేస్తడు, పంపని చీటీలన్నీ దాంతోపాటే పోతయి. ఒక మీట కూడా ఇవ్వండి: 'ఇప్పుడే పంపు', 'ఈ పూట పంపొద్దు'. చేత్తో పెట్టిన మోడ్‌కు గడువు ఉండాలె, పూట అయిపోగానే దానంతట అది తిరిగి మామూలుకు రావాలె. లేకుంటే దసరా ముందు పెట్టిన 'పంపొద్దు' సంక్రాంతి దాకా అట్లనే ఉంటది.

ప్రతి మోడ్ మార్పుకు మూడు వివరాలు లాగ్‌లో రాయండి: ఏ సందర్భం చూసి, ఏ నియమం ప్రకారం, ఏమి మార్చింది. కొత్త నియమాన్ని మొదట నీడలాగ నడపండి, అంటే అది 'ఇట్ల చేసేదాన్ని' అని లాగ్‌లో రాస్తది, చేయదు. రెండు బిల్లుల కాలం చూసినంక అమలుకు ఇవ్వండి. ఆఫీసులో పరీక్షకు లినక్స్‌లో నెటెమ్ అన్న పరికరం ఉంది, చెడ్డ నెట్‌ను నకలు చేస్తది, ఆలస్యం, ప్యాకెట్లు పోవడం, రెండుగా రావడం అన్నీ దాంతో పుట్టించొచ్చు. కానీ అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష చీటీ ప్రింట్ అవుతుండగా ప్లగ్ పీకడం. దాన్ని చేయకుండా ఏ సెంటర్‌కూ ఇవ్వొద్దు.

మెషిన్ లెర్నింగ్ ఎప్పుడు అంటే, ఈ లాగ్‌లు ఏడాది పోగైనంక, 'ఈ సెంటర్‌లో సాయంత్రం ఏ టైంకు నెట్ బాగుంటది' అన్నంత చిన్న ప్రశ్నకు. దానికీ మొదట గంటలవారీ సగటు టేబుల్ వేసి చూడండి, చాలాసార్లు అదే గెలుస్తది. వెన్న రీడింగ్ అనుమానంగా ఉంటే జెండా ఎత్తడానికి వాడొచ్చు. రీడింగ్ దిద్దడానికి వాడితే, ముందు రాసుకున్న కాగితం చింపేసినట్టే.

అసలు ఇదంతా అక్కర్లేని చోట్లూ ఉన్నయి. మీవి పది సెంటర్లే అయి, అందరివీ ఒకే మిషన్ అయి, రోజుకోసారి పంపితే చాలంటే, ఒక సెట్టింగుల ఫైల్, రాత్రి పంపే ఒక పని, పైన చెప్పిన వరుస నంబరు. అక్కడితో ఆపండి. ఈ గమనించి మార్చే చక్రాన్ని నడిపించడానికీ మనుషులు కావాలె.

మొదలుపెట్టేటప్పుడు సర్దుకునే భాగం ఏదీ రాయకుండా, ఒంటరి మోడ్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ రెండు సెంటర్లకు ఇవ్వండి, ఒకటి నెట్ బాగున్నది, ఒకటి అస్సలు లేనిది. గమనించే భాగం మాత్రం లాగ్ రాస్తూ ఉండాలె. నెల తర్వాత ఆ లాగ్ చూస్తే ఏ మోడ్‌లు నిజంగా కావాలో మీకే కనపడతది. ఆలోపు మిషన్ల కంపెనీల నుంచి సీరియల్ ఫార్మాట్ కాగితాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి, మోడల్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ సహా. డీలర్ ఫోన్‌లో చెప్పిన ఫార్మాట్‌ను నమ్మి అడాప్టర్ రాయొద్దు. ఆ కాగితాలు వచ్చినంక ఏ మోడల్ ఏ వరుస పంపుతుందో ఇక్కడ పెట్టండి, అడాప్టర్ ఎట్ల విడగొట్టాలో చూసి చెప్త.